గుంటలో తారు నింపితే గుంట పోతుందా?

ప్రశ్న: ఇంజినీరు గారూ, ఇంటి ముందు కార్లు నిలిపే జాగాలో కిందటేడు తారు వేయించాం. ఆరు నెలలకే మధ్యలో పళ్లెంలా కుంగింది. వాన పడితే రెండు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. గోడ పక్కన మొసలి చర్మంలా పగుళ్లు వచ్చాయి. పని చేసినాయన వచ్చి చూసి, గుంటలో కాస్త తారు నింపి పైన ఇంకో పొర వేస్తే సరిపోతుందంటున్నారు. వేయించమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. కనీసం ఆయన చెప్పిన పద్ధతిలో వద్దు.

నీళ్లు నిలవడం ఒక్కటే అయితే నా జవాబు కొంచెం మెత్తగా ఉండేది. ఆ మొసలి చర్మం పగుళ్లు చూస్తే మాత్రం అనుమానం నేల మీదికే పోతుంది. తారు వంగే సరుకు. కింద చిన్న ఖాళీ ఉంటే కాంక్రీటు పలకలా దాని మీదుగా నిలబడదు. కింద నేల కుంగితే తనూ కుంగుతుంది. బండి ఎక్కిన ప్రతిసారీ వంగి వంగి, చివరికి చిన్న చిన్న ముక్కలుగా విచ్చుతుంది. గోడ పక్కనే ఎందుకంటారా? పునాది కోసం తవ్విన కందకాన్ని మట్టితో పూడ్చేశాక అక్కడ పెద్ద రోలర్ తిరగడానికి చోటుండదు. దిమ్మిసతో కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుందని నా అంచనా. ఒకచోట తవ్వి చూస్తే తేలిపోతుంది.

ఇక గుంటలో తారు నింపే సంగతి. వేడి తారు పరిచాక రోలర్ కింద దాదాపు ఐదో వంతు మందం తగ్గుతుంది. 4 సెంటీమీటర్ల గుంటను, 6 సెంటీమీటర్ల పైపొరను కలిపి ఒకేసారి పోశారనుకోండి. గుంటలో 10 సెం.మీ. పడుతుంది, పక్కన 6 పడుతుంది. రోలర్ తిరిగాక అక్కడ 2 దిగితే ఇక్కడ 1.2 దిగుతుంది. మీ గుంట మళ్లీ ప్రత్యక్షం, లోతు తక్కువ, అంతే! నేల గట్టిగా ఉన్నప్పుడైతే గుంటను ముందు విడిగా నింపి, అణిచి, ఆ తర్వాత పైపొర వేస్తారు. మీ నేల గట్టిది కాదు కాబట్టి అదీ వృథా ఖర్చే. పైగా ఇంకో పొర వేస్తే గుమ్మం దగ్గర ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్లు లోపలికి చూస్తాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత బాధ ఒకటుంది. సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో ఒక పార్కింగ్ జాగా పని నాకు అప్పగించారు. తారు బండి వచ్చేస్తోందన్న టెన్షన్‌లో తారు కింద పరిచిన కంకర పరుపును కంటితో చూసి సరేననేశాను. చదునుగానే కనిపించింది మరి. మొదటి వానకే నీళ్లన్నీ భవనం తలుపు దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. వాటం, అంటే నీళ్లు పారే వాలు, 2 శాతమంటే మీటరుకు 2 సెం.మీ. అది కంటికి ఆనదు. ఆ తారంతా పగలగొట్టించిన రోజు నుంచి దారం కట్టకుండా, టేపు పెట్టకుండా ఏ పనికీ సంతకం పెట్టలేదు.

మీరు చేయించాల్సింది ఇది. పగుళ్లున్న చోటా, కుంగిన చోటా తారు కోసి తీసేసి, గట్టి నేల తగిలేదాకా తవ్వించండి. వేళ్లు, చెత్త కలిసిన పైమట్టి ఉంటే ఒక్క పార కూడా మిగల్చొద్దు. అది కుళ్లి కుంగుతుంది. ఆ తర్వాత మట్టినీ, కంకరనూ 15 సెం.మీ. చొప్పున పరుస్తూ, ప్రతి పొరనూ అణుస్తూ రావాలి. ఒక్కసారే అరమీటరు పోసి పైన రోలర్ తిప్పితే పైపైనే బిగుస్తుంది.

మట్టికి పదును, అంటే సరిపడా తడి, కూడా ముఖ్యం. 1933లో ప్రాక్టర్ అనే అమెరికన్ ఇంజినీరు, ఆనకట్టల మట్టి పని చేస్తూ, ఒకే బలంతో కొట్టినా ఒక ప్రత్యేకమైన తడి దగ్గరే మట్టి బాగా బిగుస్తుందని లెక్క కట్టి చూపించాడు. పొడిగా ఉన్నా, బురదగా ఉన్నా బిగువు రాదు. ల్యాబ్ లేకపోతే గుప్పెట్లో నొక్కి చూడండి. ముద్ద కట్టాలి, చేతికి నీరు అంటకూడదు.

తారు వేసే ముందు రోజు, బరువు నింపిన లారీని ఆ పరుపు మీద నడక వేగంతో నడిపించమనండి. మీరు వెనక టైరు పక్కనే నడవండి. నేల దిండులా అణిగి లేస్తుంటే ఆ చోటు మళ్లీ తవ్వాల్సిందే. మేస్త్రీ ముఖం చిట్లిస్తాడు. చిట్లించనీయండి.

వాటం గోడ నుంచి బయటికి, మీటరుకు 2 సెం.మీ. ఉండాలి. 8 మీటర్ల జాగా అయితే అటు చివర 16 సెం.మీ. దిగాలి. ఆ తేడా నేలలోనే, కంకరలోనే తెచ్చుకోవాలి. తారు మందం మాత్రం అంతటా ఒకటే.

ఒక్కటి మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఆ 16 సెం.మీ. దిగిన చివర నీళ్లు పోవడానికి కాలువ ఉందా, లేక పక్కింటి ప్రహరీ ఉందా? పలుగు పట్టించే ముందు అది చూసి, కొలతలతో మళ్లీ రాయండి.