ఎడిసన్ ఇల్లు ఇప్పుడే అమ్మకండి

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, నా భార్యకు 66. 1989లో అమెరికా వచ్చాం. ఇద్దరం అమెరికా పౌరులం, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డులున్నాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 1998లో 2,10,000 డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు ఆరున్నర లక్షల డాలర్లు పలుకుతోంది. అప్పు లేదు. అమెరికా ప్రభుత్వ పెన్షన్ సోషల్ సెక్యూరిటీ నాకు నెలకు 3,100, ఆమెకు 1,500 డాలర్లు వస్తుంది. నా రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఐఆర్ఏలో 6,20,000, బ్యాంకులో 90,000 డాలర్లు ఉన్నాయి. హైదరాబాద్ కొండాపూర్‌లో ఫ్లాటు ఉంది, అద్దె 32,000 రూపాయలు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉంటామని అందరితో చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు మనవలు పెద్దవాళ్లయ్యారు. కొడుకు సియాటిల్‌లో, కూతురు డాలస్‌లో ఉంటారు. రాత్రిపూట కారు నడపడం మానేశాను. ఏటా చలికాలంలో రెండు నెలలు హైదరాబాద్ వస్తున్నాం, ప్రతిసారీ తిరిగి వెళ్లబుద్ధి కావడం లేదు. ఇల్లు అమ్మేసి, హైదరాబాద్‌లో విల్లా, వికారాబాద్ దగ్గర రెండెకరాల పొలం కొనుక్కుని వచ్చేద్దామనుకుంటున్నాను. నా భార్య తొందరపడొద్దంటోంది. పెన్షన్ ఇండియాలో అందుతుందా? పన్ను ఎక్కడ కట్టాలి? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వదులుకోవాలా?

జవాబు: రండి. కానీ ఇల్లు అమ్మి రాకండి, వచ్చీ రాగానే విల్లా కొనకండి. రెండెకరాల ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

మీ మనసు మారిందని సంజాయిషీ ఇస్తున్నట్టు రాశారు, ఆ అవసరం లేదు. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన మన డాక్టర్లు, ఇంజనీర్లలో చాలామంది నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేద్దామనే బయలుదేరారు. పిల్లల చదువులని ఆగారు, తర్వాత మనవలని ఆగారు. మనవలను బడి నుంచి తీసుకొచ్చే పని ఉన్నంతకాలం ఆ దేశంలో తమ అవసరం ఉందనిపిస్తుంది. ఆ పని తీరిపోయాక, ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర దగ్గర్నుంచి గారెల పిండి దాకా అన్నీ దొరుకుతున్నా, బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లాలంటే ఎవరో ఒకరు కారులో తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, లెక్కలు వేరేగా కనిపిస్తాయి.

అయితే వచ్చేసి రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కినవాళ్లు కూడా నా దగ్గరకు సలహాకు వస్తుంటారు. వాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఒకటే: అన్నదమ్ములకూ వయసు మీద పడింది, వాళ్ల పిల్లలు బెంగళూరులోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నారు, ఆపరేషన్ రోజున పక్కన కూర్చునేవాళ్లు లేరు. మీరు ఇష్టపడుతున్నది డిసెంబరు, జనవరి నెలల హైదరాబాద్. బంధువులు సెలవు పెట్టి మిమ్మల్ని తిప్పే హైదరాబాద్. మే నెలలో నీళ్ల ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే హైదరాబాద్‌ను మీరు ఇంకా చూడలేదు.

కాబట్టి మీ మనసు ఇంకోసారి మారవచ్చుననే లెక్కతోనే నేను ప్లాన్ వేస్తున్నాను. తిరిగి వెళ్లే దారి తెరిచి ఉంచడానికి ఏడాదికి ఎంతవుతుంది, ఎన్నాళ్లు ఆ ఖర్చు భరించాలి అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఇంటి సంగతి. అమ్మకం తేదీకి ముందు అయిదేళ్లలో కనీసం రెండేళ్లు మీరు ఆ ఇంట్లో కాపురం ఉంటే, దంపతులుగా 5 లక్షల డాలర్ల వరకు లాభంపై అమెరికాలో పన్ను లేదు. మీ లాభం 4,40,000, అంటే పరిమితిలోపే. ఈ నిబంధనను ఇంకోవైపు నుంచి చూడండి: ఇల్లు ఖాళీ చేశాక మూడేళ్ల లోపు ఎప్పుడు అమ్మినా మినహాయింపు పోదు. ఈలోగా అద్దెకు ఇవ్వవచ్చు. అద్దెకిచ్చిన కాలానికి చూపించే తరుగుదల మేరకు మాత్రం అమ్మినప్పుడు పన్ను పడుతుంది, అది చిన్న మొత్తమే. న్యూజెర్సీలో సగటు ఆస్తి పన్ను 2024లోనే ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. దానికి బీమా, ఇల్లు చూసుకునే మేనేజర్ ఫీజు కలిపితే అద్దెలో పెద్దగా మిగలదు. మిగలకపోయినా పరవాలేదు, మీరు ఆ ఇంటిని ఉంచుకుంటున్నది సంపాదన కోసం కాదు.

భారత్ వైపు క్యాలెండర్ దీనికంటే బిగుతుగా ఉంటుంది. ఇన్నేళ్లూ నాన్ రెసిడెంట్‌గా ఉండి తిరిగి వచ్చినవారికి పన్ను చట్టం కొంతకాలం ఆర్ఎన్ఓఆర్ హోదా ఇస్తుంది. అంటే రెసిడెంటే, కానీ ఆర్డినరీ రెసిడెంట్ కాదు. ఆ హోదాలో ఉన్నంతకాలం విదేశీ ఆదాయంపై ఇక్కడ పన్ను ఉండదు. అంతకు ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయి ఉంటే చాలు, హోదా దక్కుతుంది. మీలాంటివారికి మామూలుగా రెండు ఆర్థిక సంవత్సరాలు వస్తుంది. ఏ నెలలో దిగుతారన్నది ఇక్కడే పనికొస్తుంది. ఉదాహరణకు, ఆ ఆర్థిక సంవత్సరంలో అంతకు ముందు ఇండియా రాకుండా 2027 ఫిబ్రవరిలో దిగారనుకోండి. మార్చి 31కి అరవై రోజులు నిండవు కాబట్టి ఆ ఏడాది నాన్ రెసిడెంట్‌గానే ముగుస్తుంది. 2027-28, 2028-29 మీకు ఆర్ఎన్ఓఆర్ సంవత్సరాలు అవుతాయి. అదే నవంబరులో దిగితే పాత పర్యటనల రోజులు లెక్కలోకి వస్తాయి. అంతకు ముందు నాలుగేళ్లలో అవి 365 నిండి ఉంటే, ఆ ఏడాదే మీరు రెసిడెంట్ అని అధికారి వాదించే అవకాశం ఉంటుంది. అప్పుడు రెండేళ్లలో ఒకటి నాలుగైదు నెలలకే ఖర్చయిపోతుంది. ఏటా రెండు నెలల లెక్కన మీవి అన్ని రోజులు కాకపోవచ్చు. అయినా వాదనకే తావు లేకుండా, సంక్రాంతికి చేరాలన్న సరదా ఈ ఒక్కసారికి ఆపుకోండి.

ఇలా వస్తే ఇంటిపై నిర్ణయానికి మీ గడువు 2029 మార్చి 31. అమెరికా చట్టం 2030 ఫిబ్రవరి దాకా ఆగుతుంది కానీ, ఆర్డినరీ రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఆ లాభం భారత్‌లోనూ లెక్కకు వస్తుంది. 5 లక్షల డాలర్ల మినహాయింపు అనేది మన చట్టంలో లేదు. అప్పటికి కనీసం రెండు వేసవులు, రెండు వర్షాకాలాలు గడిచి ఉంటాయి. ఉంటారో వెళ్తారో తేల్చుకోవడానికి ఆ వ్యవధి చాలు. ఈ రెండేళ్లూ కొండాపూర్ ఫ్లాటులోనే ఉండండి. పోయేది నెలకు 32,000 అద్దె, మిగిలేది విల్లాకు పెట్టాల్సిన కోట్లు. ఫ్లాటు సరిపోదని అక్కడ ఉండి చూసి అనండి, ఎడిసన్ నుంచి అనకండి.

పెన్షన్ గురించి బెంగ అక్కర్లేదు. అమెరికా పౌరులకు భారత్‌లో ఉన్నా సోషల్ సెక్యూరిటీ ఆగదు. బతికే ఉన్నారా, వివరాలేమైనా మారాయా అని ఆ శాఖ పంపే ప్రశ్నపత్రాన్ని మాత్రం నింపి పంపాలి, పంపకపోతే చెల్లింపు నిలిచిపోతుంది. రెండు దేశాల పన్ను ఒప్పందంలో 20వ అధికరణం ప్రకారం ఈ డబ్బుపై పన్ను వేసే హక్కు అమెరికాకే ఉంది. మీరు ఆర్డినరీ రెసిడెంట్ అయ్యాక కూడా ఇక్కడ కట్టక్కర్లేదు. డాలరు 90 రూపాయలనుకుంటే మీ ఇద్దరి పెన్షన్ నెలకు నాలుగు లక్షల పైచిలుకు. సొంత ఫ్లాటు ఉంది కనుక లక్షన్నరతో హైదరాబాద్‌లో దర్జాగా బతకవచ్చు. 2010లో 45 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. పెన్షన్ కూడా ధరలను బట్టి ఏటా కొంత పెరుగుతుంది. మీ ఆదాయం డాలర్లలో రావడం మీకున్న పెద్ద బలం, మొత్తం ఒకేసారి రూపాయల్లోకి మార్చి దాన్ని పోగొట్టుకోవద్దు. డబ్బు పంపితే ఒక శాతం పన్ను పడుతుందని వాట్సాప్‌లో తిరుగుతున్న భయం మీకు వర్తించదు. 2026 జనవరి నుంచి వచ్చిన ఆ పన్ను నగదు, మనీ ఆర్డర్ వంటి వాటికే, బ్యాంకు ఖాతా నుంచి పంపేదానికి లేదు.

ఐఆర్ఏ కొంచెం చిక్కు. అమెరికా పౌరులు కాబట్టి ఎక్కడున్నా అక్కడ పన్ను తప్పదు. ఆర్డినరీ రెసిడెంట్ అయ్యాక ఇక్కడా లెక్క చూపాలి. ఒకచోట కట్టినది రెండోచోట తగ్గించుకోవచ్చు, చివరికి రెండింటిలో ఏది ఎక్కువైతే అంత పడుతుంది. కొత్త పన్ను పద్ధతిలో మన దగ్గర 24 లక్షలు దాటిన ఆదాయంపై 30 శాతం ఉంది కాబట్టి, పెద్ద మొత్తం తీస్తే ఎక్కువయ్యేది ఇక్కడే కావచ్చు. పైగా 73వ ఏట నుంచి మీరు తప్పనిసరిగా కొంత తీయాలి. ఇప్పటి నిల్వ అలాగే ఉంటే మొదటి ఏడాది దాదాపు 23,400 డాలర్లు, అంటే 21 లక్షల రూపాయలు. అందుకే ఆర్ఎన్ఓఆర్ రెండేళ్లలో అమెరికా శ్లాబు మరీ పైకి పోకుండా చూసుకుంటూ మామూలు కంటే ఎక్కువ తీసి, మామూలు ఖాతాలో పెట్టుకోండి. ఖాతా లోపల పెరిగే సొమ్ముపై ఏటా కాకుండా తీసినప్పుడే పన్ను పడేలా కోరుకునే వెసులుబాటు పాత చట్టంలో సెక్షన్ 89ఎ కింద ఉండేది. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఉంది, సెక్షన్ సంఖ్య మారింది. దానికి గడువులోగా ఫారం ఇవ్వాలి, మీ ఆడిటర్‌కు ముందే చెప్పండి.

మెడికేర్ దగ్గర చాలామంది పొదుపు పేరుతో తప్పటడుగు వేస్తారు. మెడికేర్ హైదరాబాద్ ఆసుపత్రి బిల్లు కట్టదు, నిజమే. ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఎ మీకు ఉచితం, అది ఉంటుంది. డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బికి 2026లో మనిషికి నెలకు 202.90 డాలర్లు, ఇద్దరికీ ఏడాదికి దాదాపు 4,870 డాలర్లు, అంటే నాలుగు లక్షల నలభై వేల రూపాయల దాకా. వాడుకోని దానికి ఇంత ఎందుకని అనిపిస్తుంది. కానీ మానేసి అయిదేళ్ల తర్వాత తిరిగి వెళ్తే ప్రీమియం జీవితాంతం 50 శాతం ఎక్కువ కట్టాలి. చేరడానికి కూడా జనవరి నుంచి మార్చి దాకానే వీలు. ఈ రెండేళ్లూ పార్ట్ బి కట్టండి, తిరిగి వెళ్లే దారికి పెట్టే అసలు ఖర్చు ఇదే. మెడికేర్ కట్టని ఖర్చులు చూసే మెడిగ్యాప్ పాలసీ ఉంటే దాన్నీ ఉంచండి. ఒకసారి వదిలితే న్యూయార్క్, కనెక్టికట్ వంటి కొన్ని రాష్ట్రాల్లో తప్ప, మళ్లీ ఇచ్చే ముందు కంపెనీ మీ ఆరోగ్యం గురించి అడుగుతుంది. 2029లో ఉండిపోవాలని తేలితే అప్పుడు రెండూ ఆపేయవచ్చు.

ఇక్కడి ఆరోగ్య బీమా మాత్రం వీలైనంత త్వరగా తీసుకోండి, మకాం మార్చేదాకా ఆగకండి. కొత్త పాలసీకి 65 ఏళ్ల పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్‌లో తీసేసింది. ముందు నుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదని కూడా చెప్పింది. ఆ మూడేళ్లు ఎంత ముందు మొదలైతే అంత మంచిది. ఉన్న జబ్బులేవీ దాచకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ లేదు. బీమా ఇచ్చినా ఇవ్వకపోయినా, బ్యాంకులోని డబ్బులో సగం ఆసుపత్రి ఖర్చులకని పక్కన పెట్టండి.

రెండెకరాల విషయం. ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరు. అన్నగారి అబ్బాయి పేరున కొని మనం చూసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే అక్కడితో ఆ సంభాషణ ఆపేయండి. డబ్బు మీది, పేరు ఇంకొకరిదైతే అది బినామీ చట్టం కిందకు వస్తుంది, ఆస్తిని జప్తు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. చట్టం సంగతి అటుంచినా, ఆ అబ్బాయితో మీ బంధుత్వం రెండెకరాల కంటే విలువైనది.

మిగిలినవి త్వరగా: బ్యాంకు మేనేజర్ ఎంత మర్యాద చేసినా ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొనకండి, అమెరికా పౌరులకు వాటిపై అక్కడి పన్ను, ఫారాలు రెండూ దండగ. ఇక్కడి ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే, విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు తెలిపే ఎఫ్‌బీఏఆర్ ఫారం తప్పనిసరి. అమెరికాలో ఉన్నప్పుడు సంపాదించుకున్న ఆస్తులను అక్కడే ఉంచుకోవడానికి మన విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకుంటుంది. ఆర్డినరీ రెసిడెంట్ అయ్యాక వాటిని రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి, చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. విదేశీ చిరునామా ఉన్న ఖాతాలను కొన్ని అమెరికా బ్రోకరేజీ సంస్థలు ఉంచవు. మీ సంస్థ నిబంధన ఏమిటో బయలుదేరక ముందే రాతపూర్వకంగా అడగండి.

చివరగా ఒకటి. మీ ప్రశ్నలన్నీ ఇద్దరూ ఉన్న కాలానికే. ఒకరు పోతే రెండు పెన్షన్లలో పెద్దది మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. 4,600 డాలర్లు 3,100 అవుతాయి. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో హాయిగా గడుస్తుంది, న్యూజెర్సీలో ఒంటరిగా ఇల్లు నడపడం కష్టం. కానీ పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. అంత పెద్ద ఉత్తరంలో మీ శ్రీమతి మాట ఒక్క వాక్యమే ఉంది. ఒక్కరే మిగిలిన రోజున తాను ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఆమెను విడిగా రాయమనండి. ఇంటి గురించి 2029లో తీసుకోవాల్సిన నిర్ణయానికి నాకు ఆ ఉత్తరం కావాలి.