గాలివానలో దూరపు నడక: తోడు కారు ఎక్కడుండాలి?

ప్రశ్న: మా అక్క రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున రెండు వారాలు నడవబోతోంది. కారుతో తోడు వెళ్లేది నేను. అవి గాలివానల రోజులు. తన వెనకాలే మెల్లగా కారు పోనివ్వమంటారా?

జవాబు: వద్దండీ. వానలో నడక వేగంతో కదిలే కారు వెనక వచ్చే బండ్లకు ఆలస్యంగా కనబడుతుంది. ఏదైనా గుద్దిందంటే మీ కారు దూసుకెళ్లేది ముందు నడుస్తున్న అక్క మీదికే. ముందుకెళ్లి ఆగండి. మామూలు రోజున మజిలీకి 5 కిలోమీటర్లు, అంటే సుమారు గంట నడక. గట్టి ఎదురుగాలిలో అంతే దూరానికి గంటన్నర పట్టవచ్చు కాబట్టి ఆ రోజు 3 కిలోమీటర్లకు తగ్గించండి. చెట్లు, హోర్డింగులు, కరెంటు తీగలు లేని మెరక చోటు చూసుకుని, రోడ్డు దిగి గట్టి నేల మీద ఆపండి. నానిన మట్టిలో ఆపితే చక్రాలు కూరుకుపోతాయి.

సిగ్నల్ పోతుందనే అనుకుని, ఆగే చోట్లు, చేరాల్సిన సమయాలు కాగితం మీద రాసి చెరొకటి ఉంచుకోండి. సమయం దాటి అరగంటైనా అక్క రాకపోతే మీరు అదే దారిన వెనక్కి వెళ్లాలి. తను మాత్రం అడ్డదారి తొక్కకూడదు. ఈ మాట తప్పితే ఎవరు ఎక్కడున్నారో తెలియక ఒకరినొకరు దాటిపోతారు.

ఉరుము వినబడితే అరగంట కూడా ఆగొద్దు, వెంటనే ఎదురెళ్లి ఎక్కించుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను 3తో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్లలోపు వినబడిందంటే ప్రమాదం దగ్గర్లోనే ఉన్నట్టు. అద్దాలు ఎత్తేసి, లోహపు భాగాలు తాకకుండా కూర్చోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు దిగొద్దు. కాపాడేది టైర్ల రబ్బరు కాదు, చుట్టూ ఉన్న లోహపు బాడీ. గుడ్డ టాపు బండి ఇందుకు పనికిరాదు.

నడక ఆపించే అధికారం మీకే ఉండాలి. ఇది బయలుదేరకముందే తేల్చుకోండి. చలికి ఒళ్లు బిగుసుకుపోయిన మనిషి తన పరిస్థితిని తను అంచనా వేసుకోలేదు. ఆగకుండా వణుకు, తడబడే మాట, జిప్ కూడా పెట్టుకోలేని వేళ్లు కనబడితే తడి బట్టలు మార్పించి, దుప్పటి కప్పి, వేడి తీపి పానీయం ఇవ్వండి. ఆ రోజుకు నడక చాలు. వణుకు ఆగినా అయోమయం తగ్గకపోతే అది తేరుకోవడం కాదు, నోటికి ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎక్కించుకున్న చోటును ఫోన్ మ్యాపులో గుర్తుపెట్టండి, మర్నాడు సరిగ్గా అక్కణ్నుంచే నడక మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనాలా?

జవాబు: కుండపోతలో నీళ్లు చీలమండ దగ్గర్నుంచి లోపలికి దిగుతాయి, ఇక బయటికి పోవు. మరీ చలి లేకపోతే జాలీ బట్ట షూలే మేలు. రెండు జతలు పెట్టుకుని, విప్పిన జతలో అట్టలు తీసేసి న్యూస్‌పేపరు కుక్కి కారులో ఆరబెట్టండి. కాగితం తడిసినప్పుడల్లా మార్చాలి. నూలు మేజోళ్లు నీళ్లు పట్టి ఉంచుతాయి, ఊలు కలిసినవి తీసుకోండి. పొద్దున్నే పాదాలకు పెట్రోలియం జెల్లీ పట్టించి, ప్రతి మజిలీలో పది నిమిషాలు ఆరనివ్వాలి. నానిన చర్మమే ముందు బొబ్బలెక్కుతుంది.

ప్రశ్న: రోడ్డు మీద నీళ్లు పారుతుంటే?

జవాబు: దాటొద్దు. వడిగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడదోస్తాయి, 30 ఉంటే చిన్న కారును తేల్చేస్తాయి. చుట్టుదారి లేకపోతే నీళ్లు తీసేదాకా ఆగండి.