ప్లాటు అమ్మి అమెరికా ఎంబీఏకి పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేసి మూడేళ్లుగా హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు అమెరికాలో ఎంబీఏ చేస్తానంటున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ లేకుండానే సీటు ఇప్పిస్తామన్నారు. ఖర్చు 50 లక్షలు దాటుతుందట. ఘట్‌కేసర్ దగ్గరున్న ప్లాటు అమ్మేద్దామని మావారు, ఇక్కడే చదవమని నేను. మీరేమంటారు?
- ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, ప్లాటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. చదువయ్యాక ఎక్కడ, ఏ పని చేయాలనుకుంటున్నాడో ముందు మీ అబ్బాయిని అడగండి. ఎంబీఏ వాళ్లకు ఉద్యోగాలు చాలావరకు క్యాంపస్‌కి వచ్చే కంపెనీలను బట్టే ఉంటాయి. తిరిగొచ్చి ఇక్కడే కన్సల్టింగో, ప్రొడక్ట్ మేనేజ్‌మెంటో చేయాలనుకుంటే, పేరు వినని అమెరికా కాలేజీ డిగ్రీ కన్నా గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ గానీ మంచి ఐఐఎం గానీ ఎంతో నయం.

అక్కడే స్థిరపడాలన్నది ఆలోచనైతే, వీసా లెక్క ముందే తెలిసుండాలి. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పని చేసుకోవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తే ఇంకో 24 నెలలు దొరుకుతాయి. అన్ని ఎంబీఏలూ స్టెమ్ కిందికి రావు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగమో చెప్పే నంబరు) వేస్తారో కన్సల్టెన్సీని కాదు, యూనివర్సిటీనే ఈమెయిల్‌లో అడగమనండి. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీ. కోటా ఏటా 85 వేలే, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లవి. అడిగేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. కష్టపడి చదివినా వీసా చేతికొస్తుందన్న హామీ లేదు.

ఇంకో పని చేయించండి. ఆ కాలేజీ ఎంప్లాయ్‌మెంట్ రిపోర్ట్ తెరిచి, మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండే జీతం దగ్గర ఆగిపోకుండా కిందికి వెళ్లమనండి. పేరున్న స్కూళ్ల రిపోర్టుల్లో అమెరికాలో శాశ్వతంగా పనిచేసే హక్కు ఉన్నవాళ్లకు ఒక వరుస, లేనివాళ్లకు ఇంకో వరుస ఉంటాయి. మీ అబ్బాయి ఉండేది రెండో వరుసలో. అందులో ఎంతమందికి చదువయ్యాక మూడు నెలల్లోపు ఆఫర్ వచ్చిందో చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. అసలు రిపోర్టే లేని కాలేజీ అయితే ఇక ఆలోచించనక్కర్లేదు. ఇక్కడి కాలేజీలనూ ఇలాగే చూడాలి. ఐఐఎం అహ్మదాబాద్ లాంటివి ఆడిట్ చేయించిన రిపోర్ట్ బయటపెడతాయి. యావరేజ్ జీతం కాదు, మీడియన్ (అందరి జీతాలూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చూడమనండి.

ఇప్పుడు డబ్బు. 50 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 69 వేల ఈఎంఐ. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ దీనికి అదనం. డాలర్లలో జీతం వస్తే ఇది పెద్ద బరువు కాదు. ఉద్యోగం దొరక్క వెనక్కి వస్తే మాత్రం, ఇక్కడి జీతంలోంచి ఇంత కడుతూ పెళ్లీ ఇల్లూ ఎలా చూసుకుంటాడు? ఆ టెన్షన్ మీ ఇంటిల్లిపాదికీ తగులుతుంది. నాకు భయమంతా అక్కడే.

అందుకని నా సలహా, ముందు జీమ్యాట్ రాయించండి. ఆ స్కోర్ ఐదేళ్లు చెల్లుతుంది. అదే స్కోర్‌తో ఐఎస్‌బీకీ, బయటి స్కూళ్లకీ అప్లై చేయొచ్చు. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకి కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, అది మీవాడికి ఉంది. ఫీజు అక్కడా తక్కువేం కాదు. కానీ ఒక్క ఏడాదిలో అయిపోతుంది, హైదరాబాద్ క్యాంపస్‌లో సీటొస్తే ఇక్కడే ఉంటాడు. అమెరికాలో గట్టి పేరున్న స్కూల్‌లో, అదీ స్కాలర్‌షిప్‌తో సీటొస్తే మాత్రం పంపండి, నేనే ముందుండి పంపమంటాను. అప్పుడు కూడా ప్లాటు అమ్మకండి, తనఖా పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే ఆ లోన్ కట్టేవాళ్లకు వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా ఉంటుంది.

చాలా కన్సల్టెన్సీలకు కమిషన్ యూనివర్సిటీల నుంచే వస్తుంది. కాబట్టి ఈ వారమే డిపాజిట్ కట్టాలని తొందరపెడితే కట్టకండి. ఆ రిపోర్ట్, సీఐపీ కోడ్ చేతికొచ్చాక మీరు, మీవారు, అబ్బాయి ముగ్గురూ కలిసి రండి, కూర్చుని చూద్దాం.