తెలుగు తరగతిలో డిజిటల్ కథ: ముందు గొంతు, తర్వాతే బొమ్మ

ఎనిమిదో తరగతి తెలుగు బోధనకు డిజిటల్ కథలు, అంటే పిల్లలు తాము రాసిన కథను తమ గొంతుతో రికార్డు చేసి బొమ్మలు జతచేసేవి, నిజంగా ఉపకరిస్తాయా, సమయం వృథా అవుతుందా అని మీరు అడిగారు. మెదక్ జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుడిగా నా అనుభవం చెబుతాను. ఉపకరిస్తాయి, అయితే ఫోను చేతికివ్వడానికి ముందే కథ సిద్ధమై ఉండాలి.

మొదటి ఏడాది నేను ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందుగా ఎడిటింగ్ యాప్ నేర్పాను. పిల్లలు ఇంటర్నెట్ నుంచి బొమ్మలు దించుకొని, వెనక సినిమా సంగీతం పెట్టి ముచ్చటైన వీడియోలు చేశారు గాని, వాటిలో సొంతంగా రాసిన వాక్యాలు పట్టుమని పది లేవు. ఆ తప్పు నాదే. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ పద్ధతికి శిక్షణ మొదలుపెట్టిన జో లాంబర్ట్, డానా ఆచ్లీల శిబిరాల్లో యంత్రం జోలికి వెళ్లకముందే అందరూ గుండ్రంగా కూర్చొని కథలు చెప్పుకునేవారని తర్వాత తెలుసుకున్నాను.

మరుసటి ఏడాది ఇంట్లోని పాత వస్తువు గురించి పెద్దలను అడిగి, 150 మాటలకు మించకుండా రాయమన్నాను. ఒక అమ్మాయి ‘తిరగలి’ అని రాసింది. ఆమె రికార్డు చేసుకొచ్చిన నానమ్మ గొంతులో మాత్రం ‘ఇసుర్రాయి’ అని వినిపించింది. ఏది సరైనదన్న వాదన మొదలైంది. విసరడమంటే పారేయడమే కదా అనుకున్న పిల్లలకు పిండి విసరడమనే అర్థం ఆ పూటే తెలిసింది. పలుకుబడిలో మాట మొదటి ‘వి’ ‘ఇ’గా మారడానికి ‘వినపడు, ఇనపడు’ వంటి జతలను వాళ్లే వెతికి తెచ్చారు. చివరకు ఆ అమ్మాయి తన కథనంలో ‘విసుర్రాయి’ అని మార్చుకొని, నానమ్మ మాటను ఉన్నదున్నట్టు ఉంచింది. నేను దిద్ది ఉంటే ఆ మాట పోయేది.

ఇక రికార్డింగు. ఎన్నిసార్లు ఎర్రసిరాతో దిద్దినా ‘శ’ను ‘స’గానే పలికే అబ్బాయి, తన గొంతు తాను విన్నాక మళ్లీ చదువుతానని తానే అడిగాడు. మరొకడికి వాక్యం ముగియకముందే ఊపిరి చాలక, దాన్ని రెండుగా విరిచి రాసుకున్నాడు.

బడిలో మాకున్నది నా ఫోను ఒక్కటే కనుక అయిదుగురేసి జట్లుగా విభజించాను. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గదిలో ప్రతిధ్వని తక్కువగా ఉండటంతో అక్కడే రికార్డు చేశాం. మార్కులు రాతకూ, చదివిన తీరుకూ మాత్రమే ఇచ్చాను, బొమ్మల హంగులకు ఇవ్వలేదు. మీరు కూడా మొదటిసారి వీడియో జోలికి పోకుండా, ఒక నిమిషం గొంతుతో, పిల్లలే తీసిన నాలుగైదు ఫొటోలతో ప్రయత్నించండి. ఇంటివారి ఫొటోలు, గొంతులు ఉంటాయి కాబట్టి వారి అనుమతి లేనిదే వాటిని తరగతి గది దాటనివ్వకండి.