సొలిసిటర్ పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆ ఎకరం బేరం ఆపు తమ్మీ

తమ్మీ, నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. హనుమకొండ సుబేదారిలో లా చదివి, నిరుడు సన్నదు, అంటే వకీలు లైసెన్సు, తీసుకుని, అదాలత్‌లో ఒక సీనియర్ దగ్గర ఫైళ్లు మోస్తున్నావు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్, అంటే అక్కడి ఒక రకం లాయరు, కావాలని ఉంది. దానికి ముందు ఎల్‌ఎల్‌ఎం, అంటే లాలో పీజీ, చేయాలా, ఏ పుస్తకాలు కొనాలి, ఎన్ని నెలలు చదవాలి, ఇవీ నీ సందేహాలు. అన్నీ రాసి చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ‘బాపు నర్సంపేట దగ్గర ఎకరం అమ్ముతా అంటున్నాడక్కా’ అని ఒక ముక్క వేశావు. నాకు మిగతా ప్రశ్నలన్నీ పక్కకు పోయాయి.

మాది పరకాల దిక్కు. నేను చదివిందీ అదే సుబేదారిలో, తిరిగిందీ అదే అదాలత్‌లో, మూడేళ్లు. 2021లో హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే అక్కడి అబ్బాయి ‘ఎల్‌ఎల్‌ఎం అయిపోతే అక్కడే లాయర్ అయిపోవచ్చు మేడమ్’ అన్నాడు, నేను సరే అన్నాను. ఒక్క ఎదురు ప్రశ్న వేయలేదు. క్లయింటు నోటి మాట నమ్మకు, కాగితం చూడు అని మా సీనియర్ రోజుకు నాలుగుసార్లు తిట్టేవాడు, నా సొంత కేసులో మాత్రం కాగితం చూడాలని తోచలేదు. బాపు 30 గుంటలు, అంటే ముప్పావు ఎకరం, అమ్మాడు, గుంట 80 వేల లెక్కన 24 లక్షలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి పైసలు లెక్కపెట్టుకున్నట్టే ఆ పైసలు కూడా రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నాకు పౌండ్లు పౌండ్లలా కనబడవు, గుంటల్లో కనబడతాయి. నవ్వకు, నీకూ అంతే అవుతుంది.

బర్మింగ్‌హామ్ వచ్చిన మూడో వారం క్లాసులో నా పక్కన కూర్చునే నైజీరియా అమ్మాయితో మాటల మధ్యలో, ఇది అయ్యాక సొలిసిటర్‌గా చేరతాను అన్నాను. ఆమె నా మొహం చూసి జాలిపడింది. ఎల్‌ఎల్‌ఎంకూ సొలిసిటర్ కావడానికీ ఏ సంబంధమూ లేదు, పరీక్ష వేరే ఉంది, దానికి డిగ్రీ ఉంటే చాలు అని చెప్పింది. ఆమె అక్కడ ఎందుకు చదువుతోందంటే వాళ్ల నాన్నకు పైసలున్నాయి, ఆమెకు ఆ సబ్జెక్టు ఇష్టం. నేను నమ్మలేదు. ఆ రాత్రి కూర్చుని ఎస్‌ఆర్‌ఏ సైటు మొత్తం చదివాను. అది సొలిసిటర్లకు మన బార్ కౌన్సిల్ లాంటిది అనుకో. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. 15,500 పౌండ్ల ఫీజులో సగం అప్పటికే కట్టేశాను.

ఇక రూల్స్. అన్నీ ఆ సైట్లో ఉన్నాయి, నువ్వే చూసుకో, నేను పైపైన చెప్తాను. పరీక్ష పేరు ఎస్‌క్యూఈ, 2021 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. రెండు భాగాలు. మొదటిది ఎస్‌క్యూఈ1: రెండు పేపర్లు, ఒక్కోదానికి 180 ప్రశ్నలు, అన్నీ ఐదు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే, పుస్తకం చూడనివ్వరు. రెండోది ఎస్‌క్యూఈ2: 12 రాత పరీక్షలు, 4 నోటి పరీక్షలు, అంటే క్లయింటుతో మాట్లాడటం, కోర్టులో వాదించడం లాంటివి. ఆరేళ్ల లోపల మూడుసార్లు రాయొచ్చు. మామూలు వాళ్లకు వీటితోపాటు రెండేళ్ల పని అనుభవం కావాలి, నీకు సన్నదు ఉంది కాబట్టి నువ్వు విదేశీ లాయర్ల లెక్కలోకి వస్తావు, అది అడగరు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు. వీసా రూల్స్ నన్ను అడగకు, ఆరు నెలలకోసారి మారతాయి, గవర్నమెంట్ సైటే చూడాలి.

ఫీజు మాత్రం నేనే చెప్తాను, ఎందుకంటే అది ఎవరూ సరిగ్గా వినరు. 2025 సెప్టెంబర్ నుంచి ఎస్‌క్యూఈ1కు 1,934 పౌండ్లు, ఎస్‌క్యూఈ2కు 2,974. రెండూ కలిపి 4,908. మన పైసల్లో ఐదున్నర లక్షలకు తగ్గదు. మా బాపు అమ్మిన రేటుకు ఏడు గుంటలు. అది ఒక్కసారి రాస్తే. కోచింగ్ వేరే, పుస్తకాలు వేరే.

నేను ఒక్కసారితో బయటపడలేదు. మొదటిసారి 2023 జనవరిలో రాశాను, అప్పుడు ఎస్‌క్యూఈ1 ఫీజు 1,622 పౌండ్లు, క్రెడిట్ కార్డు మీద కట్టాను. అప్పటికి ఎల్‌ఎల్‌ఎం అయిపోయి చదువయ్యాక పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు చేస్తున్నాను, పగలు నిద్రకూ చదువుకూ మధ్య కొట్లాట. కోచింగ్‌కు పైసలు ఎందుకు, నేను లా చదివినదాన్నే కదా, అదాలత్‌లో మూడేళ్లు తిరిగినదాన్నే కదా అని గర్వం. ఒక సీనియర్ విద్యార్థి దగ్గర పాత ఎల్‌పీసీ పుస్తకాలు 40 పౌండ్లకు కొన్నాను, అంటే ఎస్‌క్యూఈ రాకముందు ఉండే కోర్సువి. చవగ్గా దొరికాయని రెండు రోజులు సంబరపడ్డాను కూడా. చట్టం మారిపోయి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. పరీక్ష తేదీకి నాలుగు నెలల ముందు ఏ చట్టం అమల్లో ఉందో దాని మీదే ప్రశ్నలు ఇస్తారు, నా పుస్తకాలు నాలుగేళ్ల కిందటివి.

చదివిన పద్ధతి ఇంకా ఘోరం. మనకు అలవాటైన చదువు తెలుసు కదా, పరీక్షకు వారం ముందు గైడు కొని, ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కులు పెట్టి, పది మార్కులకు మూడు పేజీలు నింపడం. నేను కూడా ఇక్కడ నోట్‌బుక్కులు నింపాను, పదకొండు నోట్‌బుక్కులు, సెక్షన్ పేరు ఎర్ర ఇంకు, కేసు పేరు నీలం. ఈ పరీక్షలో రాయడానికి ఒక్క లైను కూడా ఉండదు! ప్రశ్నకు సుమారు 100 సెకన్లు. ఒక చిన్న కథ ఇస్తారు, ఫలానా ఆవిడ వచ్చి ఇలా అడిగింది, ఏం సలహా ఇస్తావు అని. ఐదు సమాధానాల్లో మూడు చూడగానే తప్పని తెలుస్తాయి, మిగిలిన రెండింటి మధ్య ప్రాణం పోతుంది.

అసలు దెబ్బ అక్కడ కాదు. నాకు లా రాకపోవడం వల్ల ఫెయిల్ కాలేదు తమ్మీ, మన లా బాగా రావడం వల్ల ఫెయిలయ్యాను. ఇది నీకు ఏ కోచింగ్‌లోనూ చెప్పరు, ఎందుకంటే అక్కడ చెప్పేవాళ్లకు మన చట్టం తెలియదు. మన కాంట్రాక్ట్ చట్టం, 1872ది, అందులో కన్సిడరేషన్, అంటే మాటకు బదులుగా ఇచ్చే ప్రతిఫలం, మాట ఇచ్చిపుచ్చుకున్నవాళ్లే ఇవ్వాలని లేదు, మూడో మనిషి ఇచ్చినా చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు, మాట పొందినవాడి చేతి నుంచే రావాలి. మైనర్ కాంట్రాక్టు అనగానే మనకు 1903 నాటి మోహరీ బీబీ కేసు నోట్లో ఆడుతుంది, ఆ కాంట్రాక్టు మొదటి నుంచే చెల్లదు అని కళ్లు మూసుకుని చెప్పేస్తాం. ఇక్కడ అంత సూటిగా ఉండదు, మైనర్‌కు అవసరమైన వస్తువులకూ, మేలు చేసే ఉద్యోగ ఒప్పందాలకూ వేరే లెక్క. బాకీ దావాకు మన దగ్గర మూడేళ్లు, ఇక్కడ మామూలు కాంట్రాక్టుకు ఆరేళ్లు. వీలునామా చూడు, మన దగ్గర ఇద్దరు సాక్షులు వేర్వేరు వేళల్లో సంతకం పెట్టినా పనికొస్తుంది, ఇక్కడ 1837 చట్టం ప్రకారం రాసినాయన సంతకం పెట్టేటప్పుడో, ఆ సంతకం నాదే అని ఒప్పుకునేటప్పుడో ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండాలి. పైగా పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా మామూలుగా రద్దయిపోతుంది. మనలో హిందువులకు అలా లేదు. మాక్ టెస్టులో ఈ ప్రశ్న వస్తే నేను రెండో ఆలోచన లేకుండా తప్పు టిక్కు పెట్టాను, పెట్టి ఈజీ ప్రశ్న అని నవ్వుకున్నాను.

సొలిసిటర్ అకౌంట్స్ అయితే తెరవనే లేదు. క్లయింటు పైసలు వేరే అకౌంటులో పెట్టాలి, సొంత పైసలతో కలపకూడదు, దేన్ని ఎప్పుడు ఎటు మార్చాలో దానికి రూల్స్. మనం చూసింది ఏమిటి? సీనియర్ అంగీ జేబు. కోర్టు ఫీజూ అందులోనే, తన ఫీజూ అందులోనే, సాయంత్రం చాయ్ కూడా అందులోంచే. ఆ టాపిక్ నాకు దండగ అనిపించింది.

రిజల్టు వచ్చింది, రెండు పేపర్లూ పోయాయి. ఒక్కటి పాసై ఉంటే రెండోది ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు, నాకు ఆ అదృష్టమూ లేదు. 1,622 పౌండ్లు, అప్పట్లో పౌండు వంద రూపాయలకు అటూ ఇటూ, అంటే సరిగ్గా రెండు గుంటలు. ఫోనులో బాపుకు చెప్పలేదు. రిజల్టు ఇంకా రాలేదని మూడు నెలలు అబద్ధం ఆడాను, ఇక్కడ వాళ్లు లేటు చేస్తారు బాపూ అని. ఆ కార్డు అప్పు వడ్డీతో తీర్చడానికి తొమ్మిది నెలలు పట్టింది.

రెండోసారికి బుద్ధి వచ్చింది. ఫీజు అప్పటికి 1,798 అయింది. ముందు పైసలు కూడబెట్టాను, తర్వాత పుస్తకం తెరిచాను. నోట్‌బుక్కులు అటక మీద పడేసి రోజుకు యాభై ప్రశ్నలు చేశాను, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన ‘ఇండియా జవాబు’, ‘ఇక్కడి జవాబు’ అని రెండు గడులు గీసి రాసుకున్నాను. నా తప్పుల్లో మూడో వంతు ఇండియా జవాబులే. ఆ నమూనా ప్రశ్నలు కొన్ని పరీక్ష సైట్లోనే ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టు, ఒక్క పౌండు కూడా ఖర్చుపెట్టక ముందు. మంచి ప్రశ్నల బ్యాంకు ఒకటి కొనాలి, అది తప్పదు. పూర్తి కోచింగ్ కావాలా వద్దా అంటే, ఉద్యోగం చేస్తూ ఆరేడు నెలలు క్రమంగా కూర్చోగలిగితే అక్కర్లేదు, కూర్చోలేకపోతే కోచింగ్ కట్టినా కూర్చోవు. 2024 జనవరిలో రాశాను, పాసయ్యాను. అదే పరీక్షలో మార్కులు సవరించే లెక్కలో పొరపాటు జరిగి 175 మందికి పాసైనా ఫెయిల్ అని చెప్పారు, తర్వాత దిద్దారు. నాకు కొత్తగా టెన్షన్ ఏమీ పుట్టలేదు, కానీ ఆ 175 మందిలో ఎంతమంది మళ్లీ కార్డు మీద ఫీజు కట్టి ఉంటారో అని మాత్రం లెక్క వేశాను.

ఎస్‌క్యూఈ2 అదే ఏడు అక్టోబర్‌లో. దాని గురించి ఎక్కువ చెప్పను, మనవాళ్లకు అది అంత కష్టం కాదు. అదాలత్ వరండాలో ఒకేసారి ముగ్గురు క్లయింట్లకు జవాబు చెప్పినవాళ్లకు ఒక్క నటుడు క్లయింటుగా వచ్చి ఎదురుగా కూర్చుంటే భయమేముంది. కాకపోతే మనం ‘మీరేం ఫికర్ చేయకండి, కేసు గెలుస్తాం’ అంటాం చూడు, ఆ మాట అక్కడ అనకు. ఇప్పుడు ఒక చిన్న ఆఫీసులో ఇళ్ల అమ్మకాలు కొనుగోళ్ల పని చూస్తున్నాను. ఇంకొకరి భూమి కాగితాలు చూసి పొట్ట పోసుకుంటున్నానన్నమాట, బాపుకు చెప్తే చాలాసేపు నవ్వాడు.

ఒంటరితనం ఎలా ఉంటుందక్కా అని కూడా అడిగావు. ఉంటుంది. సంక్రాంతికి అమ్మ సకినాలు పంపుతుంది, సగం పొడి అయి వస్తాయి, ఆ పొడే తింటాను. అంతకన్నా నాకు చెప్పడం రాదు. నాకు రాత్రి నిద్ర చెడగొట్టింది ఒంటరితనం కాదు, కార్డు బిల్లు.

ఇప్పుడు నీ సంగతి. ఎల్‌ఎల్‌ఎం కోసం రాకు. ఎస్‌క్యూఈ1 కంప్యూటర్ మీద రాసే పరీక్ష, పియర్సన్ వ్యూ సెంటర్లలో పెడతారు, ఇంగ్లండ్ బయట కూడా. మన దేశంలో ఈసారి ఏయే ఊళ్లలో ఉందో బుకింగ్ తెరిచినప్పుడు చూసుకో. అంటే హనుమకొండలో అమ్మ వండిన అన్నం తింటూ చదివి, రైలెక్కి వెళ్లి రాసి రావచ్చు. ఇది 2021లో నాకెవరైనా చెప్పి ఉంటే! ఎస్‌క్యూఈ2 నోటి పరీక్షలకు మాత్రం ఇంగ్లండ్‌కో వేల్స్‌కో రావాలి. అది కూడా, రెండేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయర్లు మినహాయింపు అడగొచ్చు, ఇస్తారో లేదో వాళ్లు కాగితాలు చూసి చెప్తారు. నీకు ఏడాదే అయింది. కాబట్టి ఇంకో ఏడాది అక్కడే ఉండి, నువ్వు వేసిన వకాలత్‌లు, డ్రాఫ్టులు, నువ్వే వాదించిన వాయిదాల వివరాలు అన్నీ తేదీలతో దాచుకో, సీనియర్‌తో సంతకం చేయించుకో. ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనీ. మినహాయింపు వస్తే 2,974 పౌండ్లు మిగిలినట్టే.

ఎస్‌క్యూఈ1 ఫీజు ఒకసారికి కాదు, రెండుసార్లకు సరిపడా చేతిలో పెట్టుకుని అప్పుడే బుక్ చెయ్యి. ఫెయిలైతే బాధ ఒక రోజు ఉంటుంది, అప్పు ఏడాది ఉంటుంది, నేను చూశాను. ఆ మొత్తం నీ జూనియర్ సంపాదనతో రాదు, నాకు తెలుసు. ట్యూషన్లు చెప్పు, డ్రాఫ్టింగ్ పని పట్టు, లేదంటే ఒక ఏడాది ఆలస్యంగా రాయి. పాసయ్యాక కూడా ఇక్కడ ఉద్యోగం ఇచ్చేవాళ్లు దొరికితేనే విమానం ఎక్కు.

మేం అమ్మిన 30 గుంటల్లో ఇప్పుడు ప్లాట్లు చేసి తెల్ల రాళ్లు పాతారు, గుంట రేటు అప్పటికి రెండింతలు దాటింది. మొన్న వచ్చినప్పుడు ఆ పక్క నుంచే పోయాం, బాపు ఆటోలో అటు తిరిగి చూడలేదు, నేను చూశాను.

సరే, పుస్తకాల పేర్లు రేపు రాస్తాను. ముందు నాకు ఇది చెప్పు: బాపు ఎవరి దగ్గరైనా బయానా తీసుకున్నాడా, ఇంకా మాటల్లోనే ఉందా?