తప్పు చేసినవాడి ఉద్యోగం పోతే మీ పాప ఎందుకు రాజీనామా చేయాలి?

ప్రశ్న: మాది గుంతకల్లు. రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా పాప బీకాం చదివి మూడేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తోంది. అక్కడే చేసే ఒక అబ్బాయి దొంగ బిల్లులు పెట్టి డబ్బు తీసుకున్నాడని ఎంక్వైరీ చేసి అతన్ని తీసేశారు. ఎంక్వైరీలో అడిగితే పాప తనకు తెలిసింది చెప్పింది. అతనిదీ మన జిల్లానే. ఇప్పుడు ‘నా పొట్ట కొట్టావు, ఊరికి రా, చూసుకుంటా’ అని కొత్త కొత్త నంబర్ల నుంచి మెసేజీలు పెడుతున్నాడు. కాలేజీ వాట్సాప్ గ్రూపులోనూ చెడ్డగా రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా వాళ్ల నాన్నతో మాట్లాడి, పిల్ల తెలియక చేసింది, మనసులో పెట్టుకోవద్దని చెప్పాను. అయినా ఆగలేదు. ఉద్యోగం మాన్పించి ఇంటికి తెచ్చుకుందామని ఉంది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ మేలా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో డేటా అనలిటిక్స్ కోర్సు చేయించడం మేలా?

జవాబు: అన్నా, మీరు అడిగింది కోచింగ్ గురించి. మీ భయం వేరే. అనంతపురంలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ‘లైన్ మార్చేద్దామా సార్’ అనే మొదలుపెడతారు. పావుగంట మాట్లాడాక తెలుస్తుంది, ఆఫీసులో ఎవరితోనో గొడవ అయిందని, పిల్లలు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని. ఆడపిల్ల అయితే దాని వెనకాల ఇంకోటి ఉంటుంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట ఎవరి చెవినైనా పడితే ఎలా అని. అందుకే ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

మీ పాప ఎవరి ఉద్యోగమూ తీయలేదు. బిల్లులు పెట్టింది అతను, ఎంక్వైరీ చేసి తీసేసింది కంపెనీ. మధ్యలో పాప చేసిందల్లా అడిగినదానికి నిజం చెప్పడం. అకౌంట్స్‌లో కూర్చున్న మనిషి చేయాల్సిన పనే అది. అలాంటి పిల్ల తరఫున మీరు వెళ్లి ‘తెలియక చేసింది’ అని చెప్పి వచ్చారు. కోపం తెచ్చుకోకండి, ఇది మాత్రం మీరు చేయకూడని పని. మీరు శాంతి కోసమే వెళ్లారు. కానీ తప్పు పాపదేనని వాళ్ల నాన్న మీ నోటి నుంచే విన్నాడు. అతని మెసేజీలు ఆగకపోవడానికి అది కూడా ఒక కారణం అనుకుంటున్నాను. పాపకు ఆ సంగతి తెలిసి ఉంటే, బయటివాడి బెదిరింపుల కన్నా అదే ఎక్కువ బాధపెట్టి ఉంటుంది. ఇక మీద ఎవరూ రాజీకి వెళ్లవద్దు, మీరే కాదు, మీ బావమరుదులు, ఊరి పెద్దలు కూడా.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. కొన్నాళ్ల క్రితం ఇలాంటి చిక్కులోనే ఉన్న ఒకమ్మాయి నా ఎదుట కూర్చుంది. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టింది. అది వణికినప్పుడల్లా ఆమె భుజాలు కదిలేవి. చూపించమ్మా అంటే చాట్ తెరిచింది. అతను పెట్టినవి ఇరవై ఉంటే ఈమె పెట్టిన జవాబులు నలభై ఉన్నాయి. సగం సంజాయిషీ, సగం తిట్లు. ఆ చాట్ ఎవరికి చూపించినా ఇద్దరూ కొట్లాడుకుంటున్నారనే అంటారు. మీ పాప ఇప్పటికే జవాబులిచ్చి ఉంటే ఫర్వాలేదు, ఈ రోజుతో ఆపేయాలి. ‘ఎంక్వైరీ గురించి ఏదైనా ఉంటే కంపెనీతో మాట్లాడు. నాకు ఇక ఫోన్లు, మెసేజీలు చేయొద్దు’ అని ఒక్కసారి పెట్టి, తర్వాత ఎంత రెచ్చగొట్టినా మౌనంగా ఉండాలి. కాలేజీ గ్రూపులో కూడా వాదన వద్దు. అడ్మిన్‌కు విడిగా చెప్పి ఆ పోస్టు తీయించమనండి, తీసేముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి.

దేన్నీ డిలీట్ చేయొద్దు. నంబరు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి మెయిల్‌లో దాచుకోవాలి. ఆ ఫోన్‌ను ఇప్పుడప్పుడే మార్చొద్దు, అమ్మొద్దు. ఇవన్నీ భద్రం చేశాక నంబర్లు బ్లాక్ చేసుకోవచ్చు. ఫోన్ కాల్స్ వస్తే ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు, ఏ రోజు, ఎన్నింటికి, ఏమన్నాడు అని.

తర్వాత కంపెనీకి మెయిల్ పెట్టాలి. హెచ్‌ఆర్‌కు, పై మేనేజర్‌కు ఇద్దరికీ. ‘ఎంక్వైరీలో వివరాలు చెప్పినందుకు నాకు ఈ బెదిరింపులు వస్తున్నాయి’ అని స్క్రీన్‌షాట్లు జతచేసి, ఏడుపు లేకుండా, ఉన్నది ఉన్నట్టు రాయాలి. వాళ్లు అడిగితేనే కదా ఆమె చెప్పింది. కాబట్టి ఆమె వెనక నిలబడాల్సింది వాళ్లే. అతనికి కంపెనీ లాయరు నుంచి నోటీసు పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు పోతుందని మీరు రాయలేదు గానీ, ఉత్తరం నిండా అదే కనిపిస్తోంది. ‘ఊరికి రా, చూసుకుంటా’ అన్నది బెదిరింపు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351 బెదిరింపుల గురించే. పేరు దాచుకుని బెదిరిస్తే దానికి అదనపు శిక్ష కూడా ఉంది. పాప ఉండే చోటి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోమనండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ ఇవ్వొచ్చు. లాయరు ఖర్చు గురించి ఆలోచించొద్దు, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అతను ఎదురుపడితే, వెంటపడితే మాత్రం ఇవేవీ చూసుకోకుండా 112కు ఫోన్ చేయాలి. కొన్నాళ్లు పాప ఊరికి వచ్చినప్పుడు రైల్వే స్టేషన్‌కు మీరు ఎదురెళ్లండి. అంతవరకు జాగ్రత్త చాలు, ఆమె రాకపోకలు ఆపేయొద్దు.

ఇక ఉద్యోగం మాన్పించడం. భయంతో చెప్పాపెట్టకుండా మానేస్తే నోటీసు పీరియడ్ డబ్బు పోతుంది, రిలీవింగ్ లెటర్ రాదు. రేపు ఇంకో కంపెనీ వెరిఫికేషన్‌కు అడిగేది పాత కంపెనీ హెచ్‌ఆర్‌ను, బయటికి పంపించిన ఆ అబ్బాయిని కాదు. అతను ఎన్ని గ్రూపుల్లో ఎన్ని రాసినా ఆమె సర్వీసు రికార్డులో మచ్చ పడదు. మీరు తొందరపడి లాక్కొస్తే మాత్రం పడుతుంది. పైగా ఇన్నాళ్లూ నిక్కచ్చిగా పనిచేసిన పిల్ల హఠాత్తుగా మానేస్తే, బంధువులకైనా ఆఫీసువాళ్లకైనా ఏదో ఉందనే అనుమానం వస్తుంది.

మీరు అడిగిన రెండింటిలో డేటా అనలిటిక్స్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఆ పని చెడ్డదని కాదు, అమ్ముతున్న తీరు బాగాలేదు. ‘జాబ్ గ్యారంటీ’ అని పెద్దక్షరాల్లో వేస్తారు, షరతులు చిన్నక్షరాల్లో ఉంటాయి. ఫీజుకు లోను వాళ్లే ఇప్పిస్తారు, మధ్యలో మానేసినా ఈఎంఐ మానదు. మొదటి నెలల్లో నేర్పే ఎక్సెల్ మీ పాప రోజూ ఆఫీసులో చేస్తున్నదే. అనుభవం లేని పిల్లలు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, ఇంటర్వ్యూలో ‘ఏ వ్యాపారం లెక్కలు చూశావు’ అంటే నోరు మెదపలేక వెనక్కి వస్తున్నారు. మూడేళ్లు అసలు లెక్కలు చూసిన మనిషి ఆ వరుసలో చివర నిలబడాల్సిన ఖర్మ ఏముంది? అంత ఇష్టమైతే ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవచ్చు.

నంద్యాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, బ్యాంకు పరీక్షల గురించి కూడా. ఆమెకు నిజంగా బ్యాంకు మీద మనసుంటే వెళ్లనివ్వండి. కానీ ఒక్కటి ఆలోచించండి. బ్యాంకులోనూ దొంగ ఓచర్లు ఉంటాయి, డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీలు ఉంటాయి, ఆమెను సాక్షిగా పిలిచే రోజూ వస్తుంది. అప్పుడు ఎక్కడికి తెచ్చుకుంటారు?

నన్ను అడిగితే ఈ పిల్ల ఇంటర్నల్ ఆడిట్ వైపు, అంటే కంపెనీ లెక్కలను లోపలే తనిఖీ చేసే పనికి, బాగా పనికొస్తుంది. బిల్లులో తేడా కనిపెట్టడం నేర్పించొచ్చు, ఎదుటివాడు తోటి ఉద్యోగి అయినా ఉన్నది చెప్పే ధైర్యం ఏ కోచింగ్‌లోనూ దొరకదు. బీకాం ఉంది కాబట్టి సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్మీడియట్‌లో నేరుగా చేరొచ్చు. రెండు గ్రూపులు కలిపి 8 పేపర్లు, జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు. ఉద్యోగం మానక్కర్లేదు. ఒకవేళ ఆ కంపెనీ ఆమెకు అండగా నిలబడకపోతే అప్పుడు మారాల్సిందే, అదీ ఇంకో ఆఫర్ చేతికొచ్చి, నోటీసు ఇచ్చి, పద్ధతిగా.

ఈ రాత్రి పాపకు ఫోన్ చేయండి. కోచింగ్ మాట ఎత్తొద్దు. ఆ అబ్బాయి నాన్నతో నేను అలా మాట్లాడి ఉండకూడదు, నువ్వు చేసింది సరైనదే అని మీ నోటితో చెప్పండి. తర్వాత కంపెనీకి పెట్టే మెయిల్ ఇద్దరూ కలిసి రాయండి.