చైనీస్ బ్రకోలీ వండితే కాడ గట్టిగా ఉండిపోయి, ఆకు మెత్తబడిపోతోంది. ఎందుకు?

రెండూ ఒకేసారి వేయడం వల్ల. కాంటనీస్ (దక్షిణ చైనా) వంటల్లో గైలాన్ అనే ఈ కూర క్యాబేజీ, బ్రకోలీల జాతిదే అయినా దీనికి పెద్ద పువ్వు ఉండదు. తినేదంతా లావుపాటి కాడ, వెడల్పాటి ఆకు. కాడ ఉడికేలోపు ఆకు నీరుగారిపోతుంది.

ముందుగా కాడల అడుగు కోసేసి, లావుగా ఉన్నవాటికి పీచు తొక్క చెక్కండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, నిజానికి రుచంతా ఇక్కడే ఉంది. బొటనవేలంత లావున్న కాడల్ని నిలువునా చీల్చండి. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా ఉప్పు, చెంచాడు నూనె, చిటికెడు పంచదార వేయండి. నూనె ఆకుకి పట్టి నిగనిగలాడుతుంది, పంచదార చేదుని కాస్త తగ్గిస్తుంది. కాడలు వేసిన ఒక నిమిషానికి ఆకులు వేసి, మరో నిమిషంలో దించేయండి. మూత మాత్రం పెట్టొద్దు: కూరలోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో బయటికి పోకపోతే పచ్చదనం చెడి రంగు మాసిపోతుంది.

నీళ్లు పూర్తిగా వార్చండి, లేకపోతే సాస్ పల్చబడుతుంది. పైన ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది), కొద్దిగా సోయా సాస్, నూనెలో వేయించిన వెల్లుల్లి చాలు. శాకాహారులు పుట్టగొడుగులతో చేసిన సాస్ వాడుకోవచ్చు. నేరుగా వేయించాలనుకుంటే అల్లం బాగా నప్పుతుంది. కొనేటప్పుడు మొగ్గలు విచ్చని లేత కట్ట చూసుకోండి; తెల్లపూలు బాగా విచ్చాయంటే కాడ ముదిరిందన్నమాటే.